ప్రతి రాత్రీ శనివారమే

మా పాపకి రెండేళ్లు నిండిన నెలలో, గాజువాకలో డాక్టరమ్మ నా రిపోర్టు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్లజోడు తీసిందంటే చెప్పబోయేది మంచి కబురు కాదని నేను కడుపుతో ఉన్నప్పుడే కనిపెట్టాను.

"అప్పుడొచ్చిన షుగరు కాన్పుతో పోయిందనుకున్నాం కదమ్మా. మళ్లీ వచ్చే దారిలో ఉంది," అంది. "ఇంకా రాలేదు. ఒక మూడు నెలలు చూద్దాం. తిండి మార్చుకోండి, రోజూ నడవండి. అప్పటికీ దిగకపోతే మాత్ర మొదలుపెడదాం."

మాత్ర అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. తర్వాత ఆవిడ చెప్పిందంతా మా ఆయన విన్నాడు, నేను వినలేదు. నాకు మా అమ్మ పాదం కనిపిస్తోంది.

మా అమ్మకి కూడా ఒక చిన్న మాత్రతోనే మొదలైంది. పెందుర్తిలో మా ఇంట్లో ఫ్రిజ్ మీద స్టీలు డబ్బాలో ఉండేవి ఆ మాత్రలు. కొన్నాళ్లకి మాత్రలు పెరిగాయి, ఆ తర్వాత సూది వచ్చింది. చెప్పు కరిచి బొటనవేలి దగ్గర లేచిన పుండు మానలేదు. దాన్ని చీర కుచ్చిళ్ల కింద దాచుకుని ఇంటెడు చాకిరీ చేసింది. నేను డిగ్రీలో ఉండగా పోయింది, యాభై అయినా నిండకుండానే. నా పెళ్లి చీరలు నేనే ఎంచుకున్నాను. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లాలంటారు గాని, వెళ్లడానికి అక్కడ అమ్మ లేదు. అందుకే మా అత్త విజయనగరం అవతలి పల్లె నుంచి వచ్చి పురుడు పోసి, పిల్లని సాకుతూ మా దగ్గరే ఉండిపోయింది.

రేపు నా కూతురి కాన్పుకి నేను ఉండాలి. నా భయమంతా ఇదే. రెండేళ్ల పిల్ల నేల మీద పాకుతూ బొమ్మకారు తోసుకుంటుంటే దాని కాన్పు గురించి బెంగపడేదాన్ని పిచ్చిదంటారు. అననీ.

ఆ రోజు బండి మీద కూర్మన్నపాలెం వచ్చేదాకా నేను మాట్లాడలేదు. జంక్షన్ దగ్గర బండి ఆగినప్పుడు మా ఆయన వెనక్కి తిరిగాడు.

"ఏటే, నోరు పడిపోనాదేటి? ఇంకా రాలేదన్నారు కదా. రాని దానికి ఏడుపేటి?"

"వచ్చే దారిలో ఉందని కూడా అన్నారు కదండీ."

"అలగైతే స్టీలు ప్లాంటులో నా నెత్తి మీద ఏదో పడతాదని నాను కూడా రోజూ ఏడవాల."

ఆయన నన్ను ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం ఇంకో భయం తోడైంది.

మొదటి వారం నా పట్టుదల చూసి నాకే ముచ్చటేసింది. బూట్లు కొన్నాను. ఓట్స్ తెచ్చాను. నడక లెక్కపెట్టే యాప్ ఫోన్లో పెట్టాను. మా అత్త ఓట్స్ జావలో గరిటె తిప్పి, "ఇదేటమ్మా, గోడకి కాయితాలు అంటించే జిగురులాగుంది. మడిసి తినేదేనా?" అంది. రెండో వారానికి బూట్లు మంచం కిందికి వెళ్లాయి. మా ఆయనకి ఒక వారం పొద్దున్న డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఆయన డ్యూటీ మారినప్పుడల్లా ఇంట్లో తినేవేళ, నిద్రవేళ అన్నీ మారతాయి. ఈ వారం కుదిరిన నడక వచ్చే వారం కుదరదు. తెల్లవారకముందే భయం నన్ను లేపేది గాని, మంచం దింపేది కాదు. అలాగే పడుకుని ఫోన్లో లక్షణాలు చదువుకునేదాన్ని. దాహం వేస్తుందా? వేస్తుంది. నీరసంగా ఉంటుందా? ఉంటుంది. పసిపిల్ల ఉన్న ఏ తల్లికి ఉండదో ఆ రాసినవాళ్లే చెప్పాలి.

నా అవస్థ చూసి మా అత్తే దారి చూపించింది.

"ఓలమ్మ, దీనికింత ఆలోసనేటి? రాత్తిరి అన్నం మానీ. శనోరం శనోరం నాను మానట్లేదేటి? నాకేటి రోగమొచ్చింది? రోజూ శనోరమే అనుకో."

మా అత్తకి శనివారం ఒంటిపూట. వెంకటేశ్వరస్వామి మొక్కు. పగలు భోజనం చేస్తుంది, రాత్రి అన్నం ముట్టదు. అలాగని పస్తు ఉండదు. ఉప్మానో, అట్టో, ఇడ్లీయో ఫలహారం తింటుంది. మా ఇళ్లలో దాన్ని ఉపవాసమే అంటారు. "రాత్రి ఏం తిన్నావు?" అని అడిగితే "ఏమీ తినలేదు, టిఫినే" అని చెప్పే మనుషుల మధ్య పుట్టి పెరిగినదాన్ని నేను. అన్నం తింటేనే తిన్నట్టు. మిగతావి ఎన్ని తిన్నా ఆ పూటకి సర్దుకున్నట్టే. కాబట్టి అత్త మాట నాకు ఎంతో సబబుగా తోచింది. స్వామి పేరు చెప్పుకుని వారమంతా ఉపవాసం చేస్తే షుగరు దిగకేం చేస్తుంది?

ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రతి రాత్రీ శనివారమే. గ్రైండరు రోజు విడిచి రోజు తిరిగేది. ఇడ్లీ పెడితే కొబ్బరి చట్నీ, అట్టు పోస్తే అల్లం పచ్చడి. చపాతీ చేసిన రోజు బంగాళాదుంప కూర ఉండాల్సిందే, లేకపోతే గొంతు దిగదు. మినపరొట్టి వేస్తే మా అత్త అంచులు ఎర్రగా కాలేదాకా పొయ్యి దగ్గరే నిలబడేది. నేను రాత్రి అన్నం తినడం లేదు కాబట్టి ఇంకో అట్టు వేసుకోవడానికి వెనకాడేదాన్ని కాదు. పాపం ఉపవాసం కదా అని అత్త ఇంకోటి వేసేది.

"నీకు షుగరొత్తాదని మా నోటికి మంచి రోజులొచ్చాయే," అనేవాడు మా ఆయన, చట్నీ గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

పై వాటాలో భీమవరం నుంచి వచ్చిన ఆవిడ ఉంటుంది. వాళ్లాయన పోర్టులో పని చేస్తాడు. ఆవిడ మెట్ల మీద నన్ను ఆపి, "రాత్రిళ్లు అన్నం మానేశారంటగా! ఎంత కంట్రోలండీ బాబూ! మా ఆయన్ని మాన్పిద్దామంటే కంచం విసిరేస్తాడండి," అంది. నేను సిగ్గుపడుతూనే పొంగిపోయాను. పొద్దున్నే నడకకి తనూ వస్తానంది. గేటు దగ్గర ఒక మనిషి నా కోసం కాచుకుని నిలబడుతుందంటే పడుకోలేం కదా. భయం చేయలేని పని మొహమాటం చేసింది. మంచం కింద నుంచి బూట్లు బయటికి వచ్చాయి.

ఆ రోజుల్లో నేను ప్రశాంతంగా ఉన్నానని చెప్పలేను గాని, భయంలో ఒక ధీమా ఉండేది. చేయాల్సింది చేస్తున్నాను కదా అని. అందుకే రెండోసారి పరీక్షకి వెళ్లినప్పుడు పాపని కూడా తీసుకెళ్లాం, వచ్చేటప్పుడు బీచ్‌కి వెళ్దామని.

డాక్టరమ్మ రిపోర్టు చూసింది. కళ్లజోడు తీసింది.

"పెరిగిందమ్మా."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ముందుకి జరిగి, నా తరఫున వాదించడానికి వచ్చిన లాయరులా చెప్పాడు. "అదెలగ మేడమ్? రాత్రిపూట అన్నం ముట్టి రెండు నెలలు దాటిందండి తను."

"మరి రాత్రి ఏం తింటున్నారు?"

"ఏమీ తినదండి. టిఫినే."

"నిన్న ఏం టిఫిను?"

"మినపరొట్టి," అన్నాను నేను.

"దేంతో?"

"బెల్లం పానకం..."

"మొన్న?"

"చపాతీ, బంగాళాదుంప కూర."

"ఎన్ని చపాతీలు?"

"ఎన్నని లెక్కెడతాం మేడమ్," అన్నాడు మా ఆయన, "టిఫినే కదా."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది. "ఇడ్లీ రవ్వ దేంతో చేస్తారమ్మా?"

"బియ్యంతో."

"అట్టు పిండిలో?"

"బియ్యం. మినప్పప్పు."

"గోధుమపిండీ అంతే, ఉప్మారవ్వా అంతే. అన్నం మానేసి అన్నాన్నే రుబ్బుకుని, నూనె పోసి కాల్చుకుని, రెట్టింపు తింటున్నారు. ఏం చదువుకున్నారు మీరు?"

"బీఎస్సీ."

"ఏ గ్రూపు?"

"బయోకెమిస్ట్రీ."

పిండిపదార్థాలు ఒంట్లో ఎలా చక్కెరగా మారతాయో బొమ్మ గీసి జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ జవాబుకీ మా ఇంట్లో పెనానికీ సంబంధం ఉందని ఒక్క రాత్రి కూడా అనిపించలేదు.

"పోనీలెండి," అంది డాక్టరమ్మ, గొంతు మార్చి. "మా ఇంట్లోనూ శనివారం రాత్రి పూరీలే. నేను అన్నం మానమన్నానా? రెండు పూటలా తినండి. కూర ఎక్కువ, అన్నం తక్కువ. కూరే ముందు తినండి. పప్పో గుడ్డో చేపో ఉండాలి. తిన్నాక కూర్చోకుండా కాసేపు నడవండి. ఇంకోసారి గడువిస్తున్నాను. ఇదే ఆఖరు."

బీచ్‌కి వెళ్లలేదు. పాప దారంతా "సముద్దం, సముద్దం" అని ఏడ్చింది.

ఆ తర్వాతి రోజులు నన్ను నేను తనిఖీ చేసుకోవడంతోనే గడిచాయి. కూర్చుంటే కాలు తిమ్మిరెక్కేది. అది కాళ్లు ముడుచుకుని కూర్చున్నందుకా, నరాలకి ఏదైనా అయిందా అని గోటితో గిల్లి చూసుకునేదాన్ని. స్నానం చేశాక వేళ్ల సందులు విప్పి చూసుకునేదాన్ని. మా అమ్మకి షుగరుందని మొదట పట్టించింది బాత్రూములో చేరిన చీమలేనని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. నేను మా బాత్రూములో నేల మీద వంగి చీమల కోసం వెతికాను. నా తర్వాత పాప వెళ్లిన చోట కూడా వెతికాను. ఒక రోజు మూలన నాలుగు చీమలు కనిపించాయి. దగ్గరికి వెళ్లి చూస్తే అవి పాప తెచ్చి పడేసిన బిస్కెట్టు ముక్క మోస్తున్నాయి.

అత్తకి ఈ సంగతి చెప్పడం ఇంకా కష్టమైంది.

"అయితే నాను సేసిన శనోరాలన్నీ వొట్టివేనేటి?"

"అదేం కాదత్తా. స్వామి లెక్క వేరు, డాక్టరు లెక్క వేరు."

"ఆయనకీ తెలీకుండా ఉంతాదేటి, రొట్టి తింతన్నానని," అని కాసేపు ఆలోచించి, "తెలిసే ఊరుకున్నాడులే," అని తనే సమాధానపడింది. అత్తకి కూడా ఓసారి పరీక్ష చేయిద్దామన్నాను. "నాకొద్దు తల్లీ. ఇన్నాళ్లూ తెలీకుండా బాగానే ఉన్నాను," అంది. ఆ భయం కూడా నా ఖాతాలోనే పడింది.

అసలు యుద్ధం కంచం దగ్గర జరిగింది. మా వైపు కూర అన్నం కోసం ఉంటుంది. ఇంత అన్నం పెట్టుకుని, పక్కన ఓ మూలకి కూర వేసుకుని, అది కలుపుకుని ఈ అన్నమంతా లోపలికి పంపిస్తాం. ఇప్పుడు ఇంత దొండకాయ కూర పెట్టుకుని పక్కన గుప్పెడు అన్నం వేసుకోవాలి. మొదటిరోజు నా కంచం చూసి అత్త నిజంగా బాధపడింది.

"అన్నంలోకి కూర గానీ, కూరలోకి అన్నమేటమ్మా? సూసినోళ్లు కోడలికి తిండెట్టలేదనుకుంతారు."

"చూసేవాళ్లెవరున్నారత్తా ఇక్కడ?"

"నానున్నాను కదేటి!"

అలా తినాలంటే కూరలో ఉప్పూ కారం తగ్గించాలి, లేకపోతే ఉత్తకూర తినలేం. తగ్గిస్తే మా ఆయనకి ఎక్కదు. ఒక పూటకి సరిపోయే బీన్స్ తరగాలంటే పాప నిద్రపోయిన గంట అంతా అయిపోయేది. క్యారేజీలో ఆనపకాయ కూర ఎక్కువ పెట్టిన రోజు ఆయన వచ్చి, "మా వోళ్లు అడుగుతన్నారే, మీ ఇంట్లో ఆవుందేటి, దాని మేత నీకెట్టీసిందేటి అని," అన్నాడు. అన్నాడే గాని క్యారేజీ ఖాళీగానే తెచ్చాడు. చేపల రోజు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

వీటన్నిటికంటే నన్ను వేధించింది పాప ఎంగిలి. అది రెండు ముద్దలు తిని పారిపోయేది. పప్పూ నెయ్యీ కలిపిన అన్నం గిన్నెలో మిగిలేది. పారెయ్యడానికి చెయ్యి రాదు. అన్నం పారేస్తే పాపమని చిన్నప్పటి నుంచి విన్న చెవులు ఊరుకోవు. పోనీలే అని నోట్లో వేసుకునేదాన్ని. రోజుకి అలా ఎన్ని ముద్దలు నా లోపలికి పోయేవో, అవేవీ నేను తిన్నవాటిలో చేరేవే కావు. చివరికి పాపకే తక్కువ పెట్టి, అడిగితే మళ్లీ పెట్టడం మొదలుపెట్టాను. ఇంత చిన్న ఉపాయం తట్టడానికి ఎంతకాలం పట్టిందో తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నడక సంగతి కూడా అంతే. పై వాటా ఆవిడ కూతురి పురిటికి భీమవరం వెళ్లిపోయింది. ఆవిడ వెళ్లిన మర్నాడే నేను లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. ఆవిడ కూతురికి అమ్మ ఉంది కదా అని పడుకుని ఏడ్చాను. ఆ వారం ఒక రాత్రి రెండు అట్లు కూడా తిన్నాను, చట్నీతో, ఎవరి మీదో కోపంగా. తిన్నాక కూర్చోలేకపోయాను. పాపని చంకనేసుకుని వీధిలోకి వచ్చేశాను. అది దిగుతానంది. దింపితే కుక్కల వెనక పడింది, దాని వెనక నేను. వీధి చివరిదాకా వెళ్లి వచ్చాం. మర్నాడు తిన్న వెంటనే అదే వచ్చి నా వేలు పట్టుకుని గుమ్మం వైపు లాగింది. నాకు వెళ్లాలని లేదు. గిన్నెలు అలాగే ఉన్నాయి. అయినా వెళ్లాను.

అప్పటి నుంచి వెళ్లాలని ఉందా లేదా అని నన్ను నేను అడగడం మానేశాను. అడిగితే లేదనే జవాబు వస్తుంది. మా ఆయన డ్యూటీకి వెళ్లాలని ఉందా అని రోజూ అడుక్కుంటాడా? బస్సు వేళకి బట్టలేసుకుంటాడు, అంతే. పరవాడ మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి ముక్కుకి ఘాటుగా తగిలిన సాయంత్రాలు బయటికి రాకుండా ఇంట్లోనే వరండా ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగేవాళ్లం. కింద వాళ్లు ఓసారి అడిగారు, మీ ఇంట్లో ఎవరికైనా పురిటి నొప్పులొస్తున్నాయా అని.

మూడోసారి పరీక్షకి వెళ్లే రోజు మా ఆయన రాత్రి డ్యూటీ దిగి, బట్టలైనా మార్చకుండా నన్ను తీసుకెళ్లాడు. నేను రాత్రంతా నిద్రపోలేదు. నిద్రలేకపోతే షుగరు పెరుగుతుందని ఎక్కడో చదివి, ఆ దిగులుతో మరీ నిద్ర పట్టలేదు. నెత్తురు తీస్తుంటే కళ్లు మూసుకుని స్వామికి మొక్కబోయి, ఏ మొక్కు మొక్కాలో తోచక ఊరుకున్నాను. ఉపవాసం తప్ప నాకు తెలిసిన మొక్కు లేదు.

సాయంత్రం డాక్టరమ్మ రిపోర్టు చూసింది. కళ్లజోడు తియ్యలేదు. నేను ఆ కళ్లజోడునే చూస్తున్నాను.

"దిగిందమ్మా. హద్దులోకి పూర్తిగా రాలేదు గాని బాగా దిగింది. మాత్ర వద్దు."

"ఇంక అయిపోయినట్టేనా మేడమ్?"

"ఏం అయిపోవడం?"

"ఇదంతా. ఎప్పటికి అయిపోతుంది?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "అవదమ్మా. ఇలాగే తింటూ, నడుస్తూ ఉండాలి. చూసుకుంటూ ఉండాలి."

నేను తలూపాను. ఏడుపు వచ్చింది, సంతోషమో కాదో నాకే తెలియలేదు. పరీక్ష పాసైతే పుస్తకాలు మూసేయడం తెలిసినదాన్ని. మూయడానికి వీల్లేని పుస్తకం ఇదే మొదటిది.

మా ఆయన మాత్రం ఉబ్బిపోయాడు. దారిలో బండి ఆపి, నన్ను దిగమని కూడా అనకుండా మిఠాయి కొట్టులోకి వెళ్లి మడతకాజాల పొట్లంతో వచ్చాడు. నేను ఆ పొట్లాన్ని, ఆయన్ని మార్చి మార్చి చూశాను.

"ఏటలగ సూత్తావు? దిగింది కదే!"

"దిగినందుకు కాజాలా?"

"మరి కాకరకాయలు కొంటారేటి ఎవరైనా?"

ఇంటికి వచ్చాక అత్తకి చెప్పాం. ఆవిడ పొట్లం దేవుడి ముందు పెట్టి తెచ్చి, ఒక కాజా విరిచి నా నోటి దగ్గర పట్టింది. నేను మొహం పక్కకి తిప్పాను.

"మంచి కబురుకి నోరు తీపి సేసుకోవాల. ఇంత ముక్కకి ఏటవదు. తిను."

"అత్తా, మళ్లీ పెరిగితే?"

"పెరిగితే మళ్లీ దింపుతావు. ఎలగో తెలిసింది కదేటి నీకు."

తిన్నాను. పాకం పళ్ల సందుల్లోకి దిగింది. ఇంత తీపిగా ఉంటుందని మర్చిపోయాను. రెండో ముక్క అడగకుండా అక్కడి నుంచి లేచి కూర పొయ్యి మీద పెట్టాను. పెట్టి తిరిగి చూస్తే పాప రెండు చేతులూ చాచి నిలబడి ఉంది.

"అమ్మా, నాకు."

అత్త పొయ్యి గట్టు మీద పెట్టిన పొట్లం నా పక్కనే ఉంది. నా చెయ్యి కదల్లేదు. మా అమ్మ నుంచి నాకు వచ్చింది నా నుంచి దీనికి ఎప్పుడు వెళ్తుందో, ఇప్పటికే వెళ్లిందో. ఈ చేతులతో నేనే పెడుతున్నానేమో. అది అలాగే నిలబడి ఉంది. కాజాని కాదు, నా మొహాన్ని చూస్తోంది. నేను రిపోర్టు ముందు డాక్టరమ్మని చూసినట్టు.

ఆ చూపు నేను భరించలేకపోయాను.

ముక్క విరిచి దాని చేతిలో పెట్టాను. నేల మీద దాని పక్కనే కూర్చున్నాను. అది రెండు బుగ్గలకీ పాకం పూసుకుని, సగం నమిలి, మిగిలింది నా నోట్లో పెట్టబోయింది.

"నాకొద్దమ్మా, నేను తిన్నాను. అది నీదే," అన్నాను.

అది నమ్మి, మిగిలింది కూడా తినేసింది. నేను లేచి కూర కలిపాను.